పాత బ్రౌనింగ్‌తో కయోటీ వేట: ముందు రింగు చూడండి

పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాకు టెక్సాస్‌లో, ఫోర్ట్‌వర్త్‌కు వాయవ్యంగా డెకేటర్ దగ్గర పద్నాలుగు ఎకరాల స్థలం ఉంది. ముప్పై మేకలను పెంచుతున్నాం. ఈ చలికాలంలో మూడు పిల్లలు పోయాయి. మూడింటికీ గొంతు కిందనే కాట్లు ఉన్నాయి. పక్క రాంచ్ (పశువుల క్షేత్రం) పెద్దాయన కాలం చేశాక ఆయన భార్య ఆయన తుపాకీని నాకు ఇచ్చారు. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ (ఒక తూటాలోంచి చాలా గుళ్లు చిమ్మే తుపాకీ), వెనక భాగం ఎద్దు మూపురంలా ఎత్తుగా ఉంటుంది. గొట్టం మీద బెల్జియంలో తయారైనట్టు, 12 గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) అనీ, తూటా పొడవు రెండు ముప్పావు అంగుళాలనీ చెక్కి ఉంది. ఎడమ పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంది. దుకాణంలో అడిగితే కయోటీకి (నక్కను పోలిన ఇక్కడి అడవి జంతువు) మూడు అంగుళాల మాగ్నం తూటా, అంటే మామూలు కన్నా బలమైనది, వాడమన్నారు. నేను మాత్రం నాలుగో నంబరు డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. నాకు గ్రీన్‌కార్డు ఉంది, వేట లైసెన్సు కూడా తీసుకున్నాను. ఈ పాత తుపాకీ పనికివస్తుందా? ఎంత దూరం దాకా నమ్మవచ్చు?
– పేరు వద్దన్న పాఠకుడు, వైజ్ కౌంటీ

జవాబు: పనికివస్తుంది. కానీ ఆ మూడు అంగుళాల తూటా మాత్రం అందులో పెట్టకండి. నా జవాబులో ఇంకేమీ చదవకపోయినా ఈ మాట చదవండి. డబ్బా మీద రాసే పొడవు పేలక ముందుది కాదు, పేలి మూతి విచ్చుకున్న తరువాతది. అందువల్ల మూడు అంగుళాల తూటా మీ గొట్టంలోకి హాయిగా దూరిపోవచ్చు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు ఉండదు, లోపల ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. గొట్టం మీద రెండు ముప్పావు అని చెక్కినవాడు ఊరికే చెక్కలేదు. దుకాణంలో సలహా ఇచ్చినవారు మీ తుపాకీని చూసి ఉంటే అలా చెప్పి ఉండరు.

మీ చేతికి వచ్చింది బ్రౌనింగ్ ఆటో-5. జాన్ బ్రౌనింగ్ దాన్ని రూపొందించి విన్‌చెస్టర్ తుపాకుల కంపెనీ వారి దగ్గరకు పట్టుకెళ్తే రాయల్టీ దగ్గర బేరం కుదరలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధ్యక్షుణ్ణి కలవడానికి వెళ్లి కూర్చుంటే, ఆయన ఆ రోజే గుండె ఆగి చనిపోయారు. అప్పుడు బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లి ఎఫ్.ఎన్. కంపెనీకి ఇచ్చాడు. తయారీ తరువాత జపానుకు మారింది, 1990ల చివరిదాకా సాగింది. నాకు ఈ తుపాకీ మీద ఉన్న గౌరవం వేరే ఏ యంత్రం మీదా లేదని చెప్పినా తప్పు కాదు. ముప్పై ఏళ్లు విచిటాలో లేత్‌లూ మిల్లింగ్ యంత్రాల మధ్య పనిచేసినవాణ్ణి, కుర్రవాళ్లకు ఆ పని నేర్పినవాణ్ణి. అంత తెలివైన యాంత్రిక రచనను నేను మళ్లీ విప్పి చూడలేదు.

దాని పని తీరు తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. పేలగానే గొట్టమూ, దాని వెనక భాగాన్ని మూసి ఉంచే బోల్టూ ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి పూర్తిగా వెనక్కి వస్తాయి. అక్కడ బోల్టు ఆగిపోతుంది. గొట్టం స్ప్రింగు బలంతో ఒంటరిగా ముందుకు వెళ్తుంది, ఖాళీ తూటా బయటకు ఎగిరిపోతుంది. ఆ తరువాతే బోల్టు కొత్త తూటాను తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. అందుకే భుజానికి ఒకటి కాదు, రెండు తోపులు వచ్చినట్టు ఉంటుంది. మొదటి రోజు దానికి కంగారుపడకండి.

అంత బరువైన గొట్టం ప్రతిసారీ వెనక్కి దూసుకొస్తుంటే దానికి బ్రేకు ఉండాలి కదా. ఆ బ్రేకు ముందుచెక్క (గొట్టం కింద చేత్తో పట్టుకునే చెక్క) కింద దాగి ఉంటుంది. తూటాలు నింపే గొట్టం చుట్టూ పెద్ద స్ప్రింగు, దాని ముందు కంచు ముక్క, దానితో పాటు ఒక పక్క లోపలి అంచు వాలుగా కోసిన ఉక్కు రింగు. బరువైన తూటాలు వాడేటప్పుడు ఆ రింగు స్ప్రింగుకూ కంచు ముక్కకూ మధ్య ఉండాలి, వాలు అంచు కంచు వైపు తిరిగి ఉండాలి. అప్పుడు అది కంచును నొక్కి పట్టు బిగిస్తుంది. తేలిక తూటాలకైతే రింగును తీసి స్ప్రింగు వెనక, తుపాకీ ఒంటికి ఆనించి పెడతారు. మీ పక్కింటి పెద్దాయన పావురాల వేటకు తేలిక తూటాలు వాడి ఉంటే రింగు అక్కడే ఉండిపోయి ఉంటుంది. కయోటీకి వాడే తూటాలు బరువైనవి. రింగు సరిచేయకుండా కాలిస్తే ప్రతి దెబ్బా నేరుగా తుపాకీ ఒంటికి తగులుతుంది.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. 1994లో నేను కొన్న ఆటో-5లో రింగు ఎక్కడుందో చూడకుండా రెండు డబ్బాల బరువు తూటాలు కాల్చాను. ముందుచెక్క పొడవునా చీలింది. ఆ వాల్‌నట్ చెక్కను జిగురుతో అతికించి, లోపల పలుచని గుడ్డ వేసి నిలబెట్టాను. ఆ చీలిక మీద వేలు పెట్టిన ప్రతిసారీ నాకు బాధే.

కాబట్టి మొదటి పని, తుపాకీని ఖాళీ చేసి, తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకుని, తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ దగ్గరకు తీసుకెళ్లండి. మూడు పనులు అడగండి. ఒకటి, రింగులు బరువు తూటాలకు తగినట్టు అమర్చడం. రెండు, పెద్ద స్ప్రింగు అలిసిపోయి ఉంటే మార్చడం. మూడోది చాలామంది మరచిపోతారు. బోల్టును ముందుకు తోసే ఇంకో స్ప్రింగు భుజానికి ఆనించే మడమ చెక్క లోపల గొట్టంలో ఉంటుంది. నలభై ఏళ్ల నూనె అక్కడ బంకలా గడ్డకట్టి ఉంటుంది. మధ్యాహ్నం బాగా పనిచేసిన తుపాకీ మంచు కురిసిన తెల్లవారుజామున సగం మూసుకుని ఆగిపోయేది అందుకే. అది కడిగించాలి. నూనె మాత్రం పలుచగా రాయండి. కంచు ముక్క కదిలే చోట నూనె ఎక్కువైతే పట్టు జారిపోతుంది.

తిరిగి వచ్చాక మొదటిసారి ఒక్క తూటాతో కాల్చండి. తరువాత రెండు పెట్టి కాల్చండి. ఒక నొక్కుకు ఒక్కటే పేలుతోందని నమ్మకం కుదిరాకే పూర్తిగా నింపండి. అరిగిపోయిన పాత తుపాకీలో రెండూ ఒకేసారి పేలే ప్రమాదం ఉంటుంది.

ఇక ఆ నక్షత్రం. ఒక్క నక్షత్రమంటే ఫుల్ చోక్, గొట్టం మూతి బాగా ఇరుకు. రెండు నక్షత్రాలుంటే మోడిఫైడ్, ఇరుకు అంతకన్నా తక్కువ. మీ గొట్టంలో సీసపు గుళ్లు తప్ప ఉక్కు గుళ్లు వాడకండి. బెల్జియం గొట్టాల్లో ఉక్కు వద్దని బ్రౌనింగ్ వారే చెబుతారు. ఇప్పుడు కయోటీల కోసమే అమ్ముతున్న టంగ్‌స్టన్ గుళ్లు సీసం కన్నా గట్టివి. కొత్త తుపాకీకి అవి మంచివే, మీ పాత గొట్టానికి, అందులోనూ ఇరుకు మూతికి కావు.

మీరు తెచ్చిన నాలుగో నంబరు డబ్బాను ఒకసారి తిప్పి చదవండి. నాలుగో నంబరు పేరుతో రెండు వేరు సరుకులు ఉన్నాయి. పిట్టల వేటకు వాడే నాలుగో నంబరు గుండు సుమారు 3.3 మిల్లీమీటర్లు. జింకల వంటి పెద్ద జంతువులకు వాడే నాలుగో నంబరు బక్‌షాట్ గుండు సుమారు 6.1 మిల్లీమీటర్లు. మొదటిది కయోటీని గాయపరుస్తుంది, చంపదు. మీకు కావలసింది రెండోది. రెండు ముప్పావు అంగుళాల తూటాలో మామూలుగా 27 గుళ్లు ఉంటాయి. డబుల్ సున్నా బక్‌షాట్ గుండు 8.4 మిల్లీమీటర్లు, బలం ఎక్కువే కానీ తూటాకు తొమ్మిదే. ఇరవై కిలోలకు మించడం అరుదైన, సన్నని జంతువు చుట్టూ తొమ్మిది గుళ్లు చెదిరిపోతే మధ్య ఖాళీలే మిగులుతాయి. నా ఓటు నాలుగో నంబరు బక్‌షాట్‌కే.

అయితే మీ గొట్టం దేన్ని ఇష్టపడుతుందో నేను చెప్పలేను, కాగితమే చెప్పాలి. మాంసం చుట్టే వెడల్పు కాగితం చుట్ట ఒకటి కొనండి. మధ్యలో పది అంగుళాల వలయం గీయండి, ఇంచుమించు మన భోజనం పళ్లెమంత. కయోటీ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అంతకన్నా చిన్నదే. ఇరవై ఐదు గజాల నుంచి మొదలుపెట్టి ఐదేసి గజాలు వెనక్కి జరుగుతూ ఒక్కో దూరంలో మూడు కాగితాలు కాల్చండి. వలయంలో నాలుగు గుళ్లకు తగ్గకుండా మూడు కాగితాల మీదా పడిన చివరి దూరమే మీ దూరం. నా తుపాకీకి అది ముప్పై ఐదు గజాలు. నలభై ఐదులో ఒక కాగితం మీద ఐదు పడ్డాయి, తరువాతి దాని మీద ఒక్కటి. ఆ ఐదును చూసి మురిసిపోకూడదు, ఆ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. గుళ్ల గుంపు మధ్య భాగం మీరు గురిపెట్టిన చోటే ఉందా, పైకి లేచిందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. డబ్బా ఖరీదు చూసి ఈ పరీక్ష మానేయకండి.

దూరం గురించి ఇంత పట్టుబడుతున్నది ఎందుకో చెబుతాను. 1997 చలికాలంలో విచిటాకు పడమటి గోధుమ పొలాల్లో, చీకటి పడేవేళ ఒక కయోటీ యాభై ఐదు అడుగుల్లో ఉందనుకుని కాల్చాను. అడుగులు కావు, గజాలని తరువాత కొలిచినప్పుడు తెలిసింది. అది పడింది, లేచింది, వెనక కాలు ఈడ్చుకుంటూ వాగులోకి దిగిపోయింది. దీపం పట్టుకుని రాత్రి పదింటిదాకా వెతికాను. మర్నాడు పొద్దున పొలం యజమాని కుక్క దాన్ని కనిపెట్టేసరికి ఇంకా ప్రాణం ఉంది. మేకపిల్లలు పోయినందుకు మీకు కోపం ఉంటుంది, న్యాయమే. కానీ ఆ జంతువును అలా పడేసే హక్కు నాకు లేదు, మీకూ లేదు. అందుకే కూర్చునే చోటు నుంచి మీ దూరం కొలిచి అక్కడ ఒక తెల్ల సున్నపురాయి పెట్టండి. రాయికి అవతల ఉన్నంతసేపు వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు.

దాన్ని ఆ రాయికి ఇవతలికి రప్పించడమే అసలు విద్య. కుందేలు బాధతో అరిచినట్టు కూసే పిలుపు వాడతారు, టెక్సాస్‌లో కయోటీలకు ఎలక్ట్రానిక్ పిలుపు కూడా చెల్లుతుంది. కయోటీ శబ్దం వైపు నేరుగా రాదు. చుట్టూ తిరిగి, గాలి తన ముక్కుకు వాసన మోసుకొచ్చే వైపు చేరుతుంది. కాబట్టి గాలి మీకు అడ్డంగా వీచేలా, సెడార్ చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. పిలుపు పెట్టెను గాలి వచ్చే వైపు ఇరవై ముప్పై గజాల దూరంలో పెట్టండి. వాసన కోసం అది చుట్టు తిరిగే దారి మీ ముందు నుంచి పోవాలి, దాని కళ్లు పెట్టె మీద ఉండాలి, మీ మీద కాదు. తుపాకీ ముందే మోకాలి మీద ఎత్తి ఉండాలి. పావుగంట కదలకండి. ఇద్దరుంటే రెండోవారు గాలి పోయే వైపు చూడాలి. తూటాలు కూర్చున్నాకే నింపండి, లేచే ముందే తీసేయండి.

కాల్చే ముందు రెండు విషయాలు. అది కుక్క కాదని తేల్చుకోండి. పరిగెత్తే కయోటీ తోక కిందికి వాలి ఉంటుంది, కుక్కలు మామూలుగా ఎత్తి పరిగెత్తుతాయి. అనుమానం ఉంటే కాల్చకండి, పక్కవాళ్ల కుక్క ప్రాణం తిరిగి రాదు. రెండోది, వెనక మట్టికట్టో గట్టో ఉండాలి. బక్‌షాట్ కొన్ని వందల గజాలు పోతుంది. టెక్సాస్‌లో మీరు కాల్చిన గుండు మీ కంచె దాటితే, అవతలి యజమాని అనుమతి లేకపోతే, అది నేరం. పద్నాలుగు ఎకరాలు చూడటానికి పెద్దవే, గుండుకు చిన్నవి.

చట్టం సంగతి. టెక్సాస్‌లో కయోటీకి ప్రత్యేక రుతువు లేదు, లెక్కా లేదు. పశువుల మీద పడుతున్న కయోటీని చంపడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా మీరు తీసుకున్నారు, మంచిది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారైతే వేట శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. మీ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుందని గుర్తుపెట్టుకోండి.

ఒక చివరి మాట, ఇది మేకల గురించి. గొంతు కింద కాట్లు కయోటీ పనే చెబుతున్నాయి, ఊరకుక్కలైతే వెనక కాళ్లూ చెవులూ ఎక్కడ పడితే అక్కడ కొరుకుతాయి. ఒకటి చచ్చినా ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కయోటీలు పిల్లలను పెడతాయి, వాటిని మేపేందుకు మీ మందమీద పడటం అప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. నేను ఇప్పుడు ఉంటున్న శాన్ ఏంజెలో మేకల సంతకు పేరున్న ఊరు. ఇక్కడి పాత కాపర్లు తుపాకీ కన్నా ముందు మందను కాచే గ్రేట్ పిరనీస్ జాతి కుక్క గురించి అడుగుతారు. పిల్ల దశ నుంచే మేకల మధ్య పెరిగిన కుక్క రెండుంటే, రాత్రి మందను ఇంటి దగ్గర దొడ్డిలో కట్టేస్తే, మీ ఆటో-5కు పని చాలా తగ్గుతుంది. చంపిన దాన్ని చేతి తొడుగులతో పట్టుకుని లోతుగా పూడ్చండి. గజ్జి, రేబిస్ ఒక భయమైతే, సీసం తిన్న గద్దలూ రాబందులూ ఇంకో భయం.

ప్రశ్న: మా వారు హెచ్-1బి మీద ఉన్నారు. ఆఫీసులో ఒక మిత్రుడు శనివారం కయోటీ వేటకు రమ్మంటున్నారు, తుపాకీ ఆయనే ఇస్తారట. మా వారు సొంతంగా కొనరు కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?
– ఒమాహా నుంచి ఒక సోదరి

జవాబు: ఇబ్బంది ఉందమ్మా. కొనడం ఒక్కటే కాదు, తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో ఉండటమే విషయం. 1998 నుంచి అమెరికా ఫెడరల్ చట్టం తాత్కాలిక వీసాల మీద వచ్చినవారికి దాన్ని నిషేధించింది. హెచ్-1బి అయినా, హెచ్-4 అయినా, విద్యార్థి వీసా అయినా అంతే. అయితే అదే చట్టంలో మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే కలిగి ఉండవచ్చు. కాబట్టి శనివారానికి ముందే లైసెన్సు తీసుకోవాలి, అది జేబులో ఉండాలి. లైసెన్సు లేకుండా మిత్రుడి తుపాకీ రెండు నిమిషాలు పట్టుకోవడం చూసి ఎవరూ ఏమీ అనకపోవచ్చు. కానీ తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లు నిలబడ్డ మనుషులు ఆ సాహసం చేయకూడదు. గడువు తీరే తారీఖును ఫోనులో గుర్తు పెట్టించండి. తరువాత ఆయన సొంతంగా కొంటే, లైసెన్సు లేని మీకు అందకుండా తాళం వేసి ఉంచాలి. మీ వీసాలో ఏదైనా మెలిక ఉంటే ఇమ్మిగ్రేషన్ వకీలును అడగండి, నేను యంత్రాల మనిషిని.

ప్రశ్న: షాట్‌గన్ ముప్పై ఐదు గజాలకే ఆగిపోతే, రైఫిలే కొనుక్కోవచ్చు కదా?
– ఒక యువ పాఠకుడు, టల్సా

జవాబు: విశాలమైన రాంచ్‌లో, వెనక కొండ ఉంటే, రైఫిలే సరైనది. రెండు వందల గజాల్లో కూర్చున్న కయోటీని షాట్‌గన్ ఏమీ చేయలేదు. కానీ రైఫిల్ గుండు తప్పితే మైళ్లు పోతుంది. చిన్న స్థలాల్లో, పొదల మధ్య, పరిగెత్తుకొచ్చే జంతువుకు షాట్‌గనే నమ్మకం. రెండూ ఉన్నవాళ్లు రెండూ తీసుకెళ్తారు. నేను మాత్రం ఇప్పటికీ ఆటో-5తోనే వెళ్తాను, అది చెప్పిన దూరానికి లోబడతాను.

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర కేటీలో మా కాలనీ చెరువు పక్కన కయోటీ తిరుగుతోంది. మా పాప సైకిలు తొక్కే చోటే. మావారు తుపాకీ కొందామంటున్నారు.

జవాబు: కొనవద్దనండి. ఇళ్ల మధ్య తుపాకీ పేల్చడం కయోటీ కన్నా పెద్ద ప్రమాదం, ఊరి హద్దుల్లో పేల్చడాన్ని నగరాలు నిషేధిస్తాయి కూడా. కయోటీ మీ వీధికి వచ్చేది తిండి కోసం. చెత్తడబ్బా మూత బిగించండి, కింద రాలిన పండ్లు ఏరేయండి. కనబడితే పారిపోకుండా నిలబడి చేతులెత్తి గట్టిగా అరవండి, గిన్నెలు మోగించండి, వెళ్లేదాకా ఆపకండి. మనిషిని చూసి బెదరకుండా దగ్గరకు వస్తున్నట్టయితే జంతు నియంత్రణ శాఖకు ఫోను చేయండి. పాపను ఆ చెరువు పక్కకు ఒంటరిగా పంపకండి. వీధి పిల్లులకు వరండాలో పెడుతున్న తిండిని ఈ రాత్రి నుంచే మానేయండి.